బందరు రోడ్డు మీద సైకిల్ ట్రాకు: మీ సంఘం ఏం అడగాలి, ఏం ఒప్పుకోకూడదు

తర్వాత చదివేవారికి కూడా తెలియాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. విజయవాడలో బెంజి సర్కిల్ నుంచి ఇందిరాగాంధీ స్టేడియం దాకా బందరు రోడ్డు పక్కన, మోటారు బండ్లు ఎక్కడానికి వీల్లేకుండా దిమ్మెలు కట్టి సైకిల్ ట్రాకు వేయాలని మీ పటమట వైపు కొందరు అడుగుతున్నారు. పార్కింగ్ పోతుందని దుకాణదారులు ససేమిరా అంటున్నారు. ఇంకొందరు పెద్దమనుషులు మధ్యవర్తిత్వానికి దిగి, ఎవరికీ ఇబ్బంది లేకుండా బందరు కాలువ గట్టు మీద వేసుకుంటే సరిపోతుంది కదా అంటున్నారు. మీ కాలనీ సంఘం ఎటు నిలబడాలని అడిగారు.

పట్టణ రహదారుల ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాడిని. ఇలాంటి సమావేశాల్లో బల్లకు అవతలి పక్క చాలాసార్లు కూర్చున్నాను. నా జవాబు ముందే చెబుతాను. బందరు రోడ్డు మీద ట్రాకు అడగండి. కాలువ గట్టు మీద కూడా అడగండి. ఒకటి ఇచ్చి రెండోది మరిచిపొమ్మంటే మాత్రం ఒప్పుకోకండి. ఇక రోడ్డు మీది ట్రాకు విషయానికొస్తే, కూడళ్ళ దగ్గరా సందుల మొగల్లోనూ ఏం చేస్తారో నక్షా గీసి చూపించేదాకా చప్పట్లు కొట్టకండి.

సమావేశంలో మొదట వినబడే మాట "అసలు ఈ ఊళ్ళో సైకిలు తొక్కేదెవరండీ" అని. ఆ మాట అనేవారు రోడ్డును ఉదయం పది గంటలకు కారు అద్దంలోంచి చూస్తారు. ఉదయం ఆరు లోపు బెంజి సర్కిల్ దగ్గర నిలబడితే ఊరు వేరేగా కనబడుతుంది. ఆటోనగర్ షెడ్లకు వెళ్ళే వెల్డర్లు, లారీ బాడీలు కట్టే వడ్రంగులు, హోటళ్ళలో వడ్డించేవారు, డ్యూటీ మారే వాచ్‌మన్లు, హ్యాండిల్‌కు క్యాన్లు తగిలించుకున్న పాలవాళ్ళు, పేపర్లు వేసే కుర్రాళ్ళు, వెనక తాపీ సామాను కట్టుకున్న మేస్త్రీలు. వీళ్ళకు హెల్మెట్టూ ఉండదు, రంగురంగుల బిగుతు దుస్తులూ ఉండవు, వాట్సాప్ గ్రూపూ ఉండదు. అందుకే సమావేశాల్లో కనబడరు. సైకిల్ ట్రాకు అనగానే పత్రికల్లో ఆదివారం ఉదయం క్లబ్బు సభ్యుల ఫొటో వేస్తారు కదా, అక్కడే చర్చ దారి తప్పుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దాదాపు 45 శాతం ఇళ్ళలో సైకిలు ఉంది. వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాని పనులకు వెళ్ళేవారిలో 13 శాతం మంది సైకిలు మీదే వెళ్ళేవారు. ఆ తర్వాత చాలామంది కిస్తీల మీద బండి కొనుక్కున్న మాట నిజమే. అలా కొన్నవారిని ఎవరినైనా అడిగి చూడండి, "సైకిలు మీద వెళ్తే లారీవాడు గుద్దేస్తాడేమోనని ఇంట్లోవాళ్ళు గోల పెట్టారు" అనే జవాబు తప్పకుండా వినబడుతుంది.

ఊరు కూడా సైకిలుకు తగినదే. నగరపాలక సంస్థ పాత పరిధి 62 చదరపు కిలోమీటర్ల లోపు. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండలను వదిలేస్తే మిగిలింది కృష్ణ ఒండ్రు మేట వేసిన చదును నేల. బెంజి సర్కిల్ నుంచి బస్టాండుకు నాలుగైదు కిలోమీటర్లకు మించదు. ఎత్తుపల్లాలు లేని ఇంత చిన్న దూరానికి సైకిలు తొక్కడానికి జనం భయపడుతున్నారంటే తప్పు కాళ్ళలో లేదు, రోడ్డులో ఉంది.

ఇక అసలు తగాదా పార్కింగ్ గురించి. ట్రాకు వేస్తే ఒక వరుస పోతుంది, రద్దీ పెరుగుతుంది అంటారు. మన ప్రమాణాల ప్రకారం వాహనాల వరుస ఒకటి మూడున్నర మీటర్లు. అంచున ఒక కారు ఆపితే దాని ఒళ్ళు, తలుపు తెరిచే జాగా, వెనక్కి తీసేటప్పుడు తీసుకునే అడుగూ కలిపి ఆ వరుస మొత్తం పోయినట్టే. బందరు రోడ్డు మీద సాయంత్రం ఎడమ వరుసలో వరసగా ఎన్ని మీటర్లు ఆగకుండా నడపగలరో ఒకసారి చూడండి. ట్రాకు తినేది కదిలే వరుసను కాదు, ఎప్పుడో ఆగిపోయిన వరుసను. కాబట్టి ప్రశ్న రద్దీ గురించి కాదు. ప్రజల డబ్బుతో వేసిన రోడ్డు అంచును ఎవరు వాడుకోవాలన్నది. దీన్ని సూటిగా అడిగితే దుకాణదారులతో కూడా మాట్లాడటం తేలికవుతుంది, ఎందుకంటే అప్పుడు బేరం పెట్టుకోవడానికి ఒక వస్తువు కళ్ళ ముందు ఉంటుంది.

దుకాణదారులను శత్రువులుగా చూడకండి. వాళ్ళకు ఒక పని అప్పగించండి, మీరూ పక్కనే ఉండి చేయండి. ఉదయం దుకాణాలు తెరిచిన గంటలో ఆ వరుసలో ఆగి ఉన్న బండ్ల నంబర్లు రాసుకోండి. మళ్ళీ సాయంత్రం ఏడింటికి రాసుకోండి. రెండు జాబితాల్లోనూ ఉన్న నంబర్లు కస్టమర్లవి కావు. యజమానులవి, సేల్స్‌మన్లవి, పై అంతస్తుల ఆఫీసులవి. నేను పనిచేసిన ఊళ్ళలో ఈ లెక్క తీసినప్పుడల్లా గది కాసేపు నిశ్శబ్దమయ్యేది. కొనడానికి వచ్చినవాడి బండి పావుగంట ఆగుతుంది, యజమాని బండి పొద్దస్తమానం ఆగుతుంది. తన కస్టమరుకు చోటు లేకుండా చేస్తున్నది చాలా సందర్భాల్లో తన బండే.

అయినా మాటలతో నమ్మనివారికి బీసెంట్ రోడ్డు చూపించండి. పండగ రోజుల్లో అక్కడ కారు కాదు కదా స్కూటరు కూడా కదలదు. దుకాణం ముందు బండి పెట్టుకునే వీలే లేని ఆ వీధిలో అద్దెలు ఎంతున్నాయో వ్యాపారులకు నాకన్నా బాగా తెలుసు.

అలాగని వాళ్ళ అభ్యంతరాలన్నీ కొట్టిపారేసేవి కావు. మూడింటికి జవాబు ఉండి తీరాలి. సరుకు దింపే లారీలకు ఉదయం కొన్ని గంటలు, కొన్ని చోట్లు కేటాయించాలి. ఆసుపత్రులు, రక్తపరీక్ష కేంద్రాలు, బ్యాంకుల ముందు ముసలివారిని దింపి వెళ్ళిపోయే జాగా వదలాలి. సూర్యారావుపేట వైపు మలుపుల్లో ఇది మరీ ముఖ్యం. సందుల్లో ఒక పక్క మాత్రమే, రుసుముతో పార్కింగ్ పెట్టాలి. ఇవి ట్రాకు వేశాక చూద్దామంటే కుదరదు, ట్రాకు కన్నా ముందే అమల్లోకి రావాలి. తోపుడు బండ్ల సంగతి కూడా అంతే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్ళను ఊరికే తోలెయ్యడానికి వీల్లేదు, చోటు చూపించాలి. ఫుట్‌పాత్‌కూ ట్రాకుకూ మధ్య అక్కడక్కడా బండి పట్టేంత జేబులు వదిలితే ఇడ్లీ బండి అక్కడ నిలబడుతుంది. వదలకపోతే ట్రాకు మీదే నిలబడుతుంది, చుట్టూ ప్లాస్టిక్ స్టూళ్ళతో సహా.

ఇప్పుడు కాలువ గట్టు. ఊరికి కాలువలు వరం, అందులో సందేహం లేదు. ప్రకాశం బ్యారేజీ ఎగువన నీరందుకుని బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ ఊరి కడుపులోంచి పోతాయి. బందరు కాలువైతే కృష్ణలంకకూ బందరు రోడ్డుకూ నడుమ చాలా దూరం రోడ్డుకు తోడుగానే సాగుతుంది. దుకాణాలు లేవు, గేట్లు లేవు, అడ్డంగా వచ్చే సందులు తక్కువ. కాగితం మీద ఇంతకన్నా మంచి దారి దొరకదు. నేనూ వెయ్యమనే అంటాను, పిల్లలు సైకిలు నేర్చుకోవడానికి, బడికి వెళ్ళడానికి, పొద్దున్నే పనికి వెళ్ళేవారికి. అయితే దాని కష్టాలు కూడా తెలిసి ఒప్పుకోవాలి. ఒకటి, వంతెనలు. ప్రతి వంతెన దగ్గరా గట్టు మీది దారి తెగిపోతుంది. వంతెన కింద నుంచి తీసుకెళ్ళడానికి కాలువ నిండుగా పారేటప్పుడు ఎత్తు చాలదు, పైనుంచి దాటాలంటే వంతెన మీది రద్దీకి అడ్డంగా పోవాలి. అంటే కూడలి సమస్య తప్పలేదు, పేరు మారిందంతే. రెండు, చీకటి. రాత్రి తొమ్మిదిన్నరకు షోరూము మూసి ఇంటికి వెళ్ళే అమ్మాయి, రోడ్డు మీద దుకాణాల వెలుగు ఉండగా, మనిషి అలికిడి లేని గట్టు దారి పట్టదు. పట్టమని చెప్పే హక్కు మనకు లేదు. మూడు, పని ఉన్నది రోడ్డు మీద. బట్టల దుకాణం, హోటలు, ఆఫీసు బందరు రోడ్డులో ఉన్నప్పుడు మనిషి చివరికి రోడ్డెక్కాల్సిందే.

నాలుగోది సమావేశంలో ఎవరూ ఎత్తరు కాబట్టి మీరు ఎత్తండి. గట్ల మీద ఏళ్ళ తరబడి ఇళ్ళు వేసుకుని బతుకుతున్న కుటుంబాలున్నాయి. సుందరీకరణ అనే మాట వినబడగానే వాళ్ళ గుండెల్లో రాయి పడుతుంది. సైకిల్ ట్రాకు పేరు చెప్పి ఆ ఇళ్ళ మీదికి పొక్లెయిన్ పంపితే, ఊళ్ళో నిజంగా సైకిలు తొక్కేవాళ్ళ ఇళ్ళే కూల్చినవాళ్ళమవుతాం. ఏ ఇంటినీ కదపకుండా వీలైన మేర మాత్రమే వెయ్యాలని మీ తీర్మానంలో రాయించండి. ఇంజనీరుగా నేను ఇది చెప్పనక్కర్లేదు అనుకునేవారు ఉంటారు, చెబుతున్నాను.

కూడళ్ళ దగ్గరికి వద్దాం. ట్రాకు పొడవునా ఎంత అందంగా కట్టినా బతికేదీ చచ్చేదీ ఇక్కడే. మన దగ్గర అలవాటుగా చేసేది ఏమిటంటే, కూడలికి యాభై మీటర్ల ముందు ట్రాకును ముగించి, అవతల మళ్ళీ మొదలుపెడతారు. అంటే ప్రమాదం లేనిచోట రక్షణ ఇచ్చి, ఉన్నచోట దేవుడికి వదిలేస్తారు. దానికి తోడు ఫ్రీ లెఫ్ట్, అంటే సిగ్నలుతో పనిలేకుండా ఎడమకు తిరగనివ్వడం. సైకిలు మీద నేరుగా పోవాల్సినవాడు అంచున ఉంటాడు, అతని కుడిపక్క నుంచి వచ్చిన బస్సో కారో ఎడమకు తిరుగుతుంది. డ్రైవరు కుడివైపు వచ్చే బండ్లను చూస్తాడు తప్ప ఎడమ అద్దం చూడడు. ఆటోలు సరేసరి, మలుపు మూలనే ఆగి ప్రయాణికుల కోసం చూస్తుంటాయి.

దీనికి తెలిసిన మందులున్నాయి, కొత్తగా కనిపెట్టాల్సింది లేదు. ఫ్రీ లెఫ్ట్ తీసేసి ఎడమ మలుపుకూ సిగ్నలు పెట్టాలి. మలుపు మూలను బిగించాలి. మూల గుండ్రం ఎంత పెద్దదైతే బండ్లు అంత వేగంగా తిరుగుతాయి. మూలలో చిన్న కాంక్రీటు దీవి కట్టి సైకిలు దాని లోపలి నుంచి పోయేలా చేస్తే, కారు తిరిగేసరికి సైకిలు డ్రైవరు కళ్ళెదురుగా ఉంటుంది, పక్కన కాదు. సైకిళ్ళు ఆగే గీత కార్ల గీతకు నాలుగైదు మీటర్లు ముందుండాలి, పచ్చదీపం వాళ్ళకు నాలుగైదు సెకన్లు ముందు వెలగాలి. సైకిలు కదలడం మొదట్లో నెమ్మది, కుదురుకోవడానికి ఆ సెకన్లు చాలు. బెంజి సర్కిల్ విషయంలో ఒక వెసులుబాటు కూడా ఉంది. 2020లో మొదటి ఫ్లైఓవరు, ఆ తర్వాత రెండోది రావడంతో చెన్నై–కోల్‌కతా రహదారి మీద దూరం పోయే వాహనాలు పైనుంచే పోతున్నాయి. కింద స్తంభాల నడుమ జాగా ఉంది. ఆ జాగా ఇప్పుడు దేనికి వాడుతున్నారో మీకు తెలుసు. ఆటోనగర్ వైపు నుంచి వచ్చే సైకిళ్ళను దాని గుండా రెండు అంచెల్లో దాటించవచ్చు: ఒక సిగ్నలుకు మధ్యదాకా, రెండో సిగ్నలుకు అవతలికి.

సందుల మొగల్లో సూత్రం ఒక్కటే: ట్రాకు దిగకూడదు, కారు ఎక్కాలి. అంటే ట్రాకు, ఫుట్‌పాత్ రెండూ ఒకే ఎత్తున సందును దాటిపోవాలి, సందులోంచి వచ్చే కారు చిన్న వాలు ఎక్కి, నెమ్మదించి, దాటి రోడ్డులో దిగాలి. మనవాళ్ళు ఇంటి గేటు గేటుకూ దుకాణం దుకాణానికీ ట్రాకును దించి మళ్ళీ ఎక్కిస్తారు. వెనక గ్యాస్ సిలిండరో కూరగాయల బస్తానో కట్టుకున్నవాడికి అది నరకం. రెండు రోజులు వాడి మూడో రోజు రోడ్డు మీదికి దిగిపోతాడు. అప్పుడు "చూశారా, కోట్లు పోసి కట్టినా వాడటం లేదు" అంటారు.

బైకులు ట్రాకులోకి దూరకుండా ఇనుప కడ్డీలు పాతుదామని మీ సంఘంలోనే ఎవరో అన్నారని రాశారు. కొలిచి చూశాక మాట్లాడమనండి. మామూలు సైకిల్ హ్యాండిల్ వెడల్పుకూ స్కూటీ హ్యాండిల్ వెడల్పుకూ తేడా జానెడు కూడా ఉండదు. స్కూటీని ఆపే సందులో సైకిలు కూడా ఇరుక్కుంటుంది. సామాను మోసే మూడు చక్రాల రిక్షా నాలుగడుగుల దాకా ఉంటుంది, అది ట్రాకు మీద పోవాల్సిన బండే; కడ్డీలు మొదట ఆపేది దాన్ని. బైకులను ఆపేది కడ్డీ కాదు. ట్రాకు మీద వరసగా సైకిళ్ళు ఉండటం, ఎక్కినవాడికి మొదటి నెలలో చలానా పడటం, అంతే. వెడల్పు మాత్రం ఒకవైపు ట్రాకుకు రెండు మీటర్లకు తగ్గనివ్వకండి. ఒకరిని ఒకరు దాటుకుపోవడానికి అది కనీసం. రిక్షాలు కూడా ఉంటాయి కాబట్టి రెండున్నర అడిగి రెండుకు దిగండి.

ఒక పక్కే రెండు దిశల ట్రాకు వేస్తే ఖర్చు కలిసొస్తుంది కదా అని కన్సల్టెంటు చెబుతాడు. గట్టు మీద అది సరైనదే. రోడ్డు మీద వద్దు. సందులోంచి బయటికొచ్చే డ్రైవరు వాహనాలు వచ్చే దిశనే చూస్తాడు, ఎదురు దిశ నుంచి వచ్చే సైకిలును చూడడు. ఇటూ అటూ ఒక్కో దిశకు ఒక్కో ట్రాకే మేలు. అయినా జనం ఎదురు తొక్కుతారు, ఎందుకంటే డివైడర్‌లో సందులన్నీ మూసేసి యూ టర్న్‌లను దూరంగా పెట్టారు. వంద గజాల అవతలి దుకాణానికి కిలోమీటరు చుట్టు తిరగమంటే కాళ్ళతో తొక్కేవాడు తిరగడు. సైకిళ్ళకూ పాదచారులకూ మాత్రమే డివైడర్‌లో అక్కడక్కడా దారి వదిలి సిగ్నలు పెట్టడమే దీనికి విరుగుడు.

నక్షాలో కనబడనిది ఒకటి చెబుతాను. మురుగు కాలువ పూడిక. వానలకు ముందు కార్మికులు రోడ్డు పక్క డ్రెయిన్ మూత పలకలు లేపి, లోపలి నల్లటి బురదను పారలతో తోడి ఎక్కడ పోస్తారు? అంచున. తడి బురదను ట్రాక్టరుకు ఎత్తితే దారంతా కారుతుంది కాబట్టి ఆరనిస్తారు. రోజులు గడుస్తాయి. ఈలోగా కుక్కలు తొక్కుతాయి, బస్సు టైర్లు సగం తిరిగి డ్రెయిన్‌లోకే తోస్తాయి, ఎండిన అంచులు దుమ్మై దుకాణాల్లోకి లేస్తాయి. లేపిన పలకల్లో ఒకటి విరిగితే ఆ గుంత మీద కొబ్బరి మట్టో చెట్టు కొమ్మో గుచ్చి వదిలేస్తారు. రేపు ట్రాకు వేస్తే ఆ బురద పడేది సరిగ్గా దాని మీదే. కాబట్టి పూడికను తీసిన రోజే ఎత్తాలన్న షరతు పారిశుద్ధ్య కాంట్రాక్టులో ఉందా అని అడగండి. వినడానికి అల్పంగా ఉంటుంది కానీ, అందమైన రంగుల కన్నా ఇది వెయ్యి రెట్లు ముఖ్యం. ఇంకా, ట్రాకును డ్రెయిన్ మూతల మీద వేయనివ్వకండి, పలక పలకకూ వెన్ను అదురుతుంది. ఇంటర్‌లాకింగ్ టైల్స్ కూడా వద్దు. ఏడాది తిరిగేసరికి కుంగి అలలు తేలుతాయి. యంత్రంతో పరిచిన తారో కాంక్రీటో కావాలి. నీళ్ళు దిగే జాలీల కంతలు చక్రం పోయే దిశకు అడ్డంగా ఉండాలి, లేకపోతే సన్న టైరు అందులో దిగబడుతుంది.

విడిగా కట్టకుండా గీత గీసి సైకిలు బొమ్మ వేస్తే చాలదా అన్నారు. చాలదు. బెంగళూరులో 2020లో ఔటర్ రింగ్ రోడ్డు మీద తాత్కాలికంగా కడ్డీలు పెట్టి సైకిల్ వరుస వేశారు, కడ్డీలు ఊడినచోటల్లా వరుస పార్కింగ్ అయింది. మనకు అంత దూరం కూడా అక్కర్లేదు. సత్యనారాయణపురం మీదుగా పోయే బీఆర్‌టీఎస్ రోడ్డులో బస్సులకని మధ్యలో వేరు చేసిన దారి చూడండి. బస్సులు అనుకున్నట్టు తిరగలేదు, పేరు మాత్రం రోడ్డుకు మిగిలిపోయింది. దిమ్మెలు కట్టినంత మాత్రాన దారి బతకదు. దాని మీద ఏం తిరగాలో అది మొదటి రోజు నుంచీ తిరగాలి. ఢిల్లీలో అంబేడ్కర్ నగర్–మూల్‌చంద్ బీఆర్‌టీ 5.8 కిలోమీటర్లు 2008లో మొదలైంది. దాని మీద వేసిన పిటిషన్‌ను 2012లో హైకోర్టు కొట్టేసినా, కార్లవాళ్ళ గోలకు ప్రభుత్వమే 2016లో తవ్వేయించింది. కోర్టులో గెలవడం వేరు, వీధిలో గెలవడం వేరు.

ఎండ గురించి తప్పకుండా అడుగుతారు. మే నెలలో 45 డిగ్రీలు చూసే ఊరు, బ్లేజ్‌వాడ అని పేరు పెట్టుకున్న ఊరు, సైకిలు ఎవరు తొక్కుతారని. ఎండ సంగతి కారులో కూర్చునేవాడికన్నా సిగ్నలు దగ్గర బైకు మీద నిలబడ్డవాడికే ఎక్కువ తెలుసు. వాడెవడూ బైకు మానలేదు. స్పెయిన్‌లో సెవిల్ అనే ఊరుంది, వేసవిలో 40 దాటుతుంది, మనలాగే నది ఒడ్డున చదునుగా ఉంటుంది. అక్కడ 2006, 2007లలో ఒక్క ఊపున 80 కిలోమీటర్ల ట్రాకులను ఒకదానికొకటి కలిసేలా వేశారు. వేల పార్కింగ్ జాగాలు తీసేశారు. అంతకుముందు ఒక శాతం కూడా లేని సైకిలు ప్రయాణాలు కొన్నేళ్ళలో ఆరేడు శాతానికి వెళ్ళాయి. వాళ్ళు ముక్కలు ముక్కలుగా వేయలేదన్నది గమనించండి. స్టేడియం దగ్గర ఆగిపోయే ట్రాకు ఆటోనగర్ కుర్రాడికి సగం వంతెన లాంటిది. బస్టాండు దాకా, ఇటు ఆటోనగర్ గేటు దాకా రెండో దశ ఎప్పుడో తేదీతో సహా రాయించుకోండి.

నీడకు హైదరాబాద్ నమూనా తెద్దామనేవారుంటారు. అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి 2023లో 23 కిలోమీటర్లు సోలార్ కప్పుతో వేశారు, 16 మెగావాట్ల కరెంటు వస్తుంది. చూడముచ్చటగా ఉంది. కానీ అది ఊరి అంచున వ్యాయామం చేసేవారి దారి, పనికి వెళ్ళేవారిది కాదు. బందరు రోడ్డుకు చెట్లు చాలు. వేప, కానుగ ట్రాకు పక్కనే వరసగా నాటితే నీడ దాని మీద పడుతుంది. ఉన్న చెట్టు ఒక్కటి కూడా కొట్టనివ్వకండి, అవసరమైతే ట్రాకే చెట్టు చుట్టూ వంగుతుంది. కోనోకార్పస్ అనే విదేశీ మొక్క తెచ్చి పాతుతామంటే మర్యాదగా వెనక్కి పంపండి.

మన రాష్ట్రంలో వచ్చే చిక్కు ఇంకొకటి. సైకిలు ఒక పార్టీ గుర్తు. ట్రాకు ఏ ప్రభుత్వం వేసినా దాన్ని ప్రచారంగానో, వేయకపోతే కక్షగానో చూసేవారుంటారు. ఉత్తరప్రదేశ్‌లో ఇదే గుర్తున్న పార్టీ హయాంలో లక్నోలో ట్రాకులు వచ్చాయి, 2017లో ప్రభుత్వం మారాక వాటిని పట్టించుకున్నవారు తక్కువ. అందుకే నా సలహా: ట్రాకుకు పసుపు వద్దు, నీలం వద్దు, తారు రంగే ఉంచండి. రంగు తడిస్తే జారుతుంది కూడా. తీర్మానంలో ఆటోనగర్ కార్మికుల ప్రయాణం, బడి పిల్లల భద్రత అని రాయండి. బడికొస్తా పథకంలో ప్రభుత్వ పాఠశాలల ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చిన రాష్ట్రం మనది. సైకిలిచ్చి దాన్ని తొక్కడానికి దారి ఇవ్వకపోతే ఎలా అని అడిగితే ఏ పార్టీవారూ కాదనలేరు.

అంబులెన్సు వాదనకు ఎక్కువ సమయం ఇవ్వకండి. ఆగిన కార్ల మధ్య ఇరుక్కున్న 108కు, అవసరమైతే వాలు అంచుదిమ్మె ఎక్కి పోగల ఖాళీ ట్రాకే దిక్కవుతుంది. మెట్రో సంగతి మాత్రం పట్టించుకోవాలి. ప్రతిపాదనలో ఒక కారిడారు బస్టాండు నుంచి బందరు రోడ్డు మీదుగానే పెనమలూరుకు వెళ్తుంది. స్తంభాలు రోడ్డు మధ్యలో వస్తే వరుసలు బయటికి జరుగుతాయి, మొదట బలయ్యేది అంచు. కాబట్టి స్తంభాల నక్షాలోనే ట్రాకు వెడల్పు చూపించమని ఇప్పుడే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

ఎవరిని అడగాలన్నది తెలియక చాలా అర్జీలు బల్లల చుట్టూ తిరుగుతాయి. ఫుట్‌పాత్, డ్రెయిన్, వీధి దీపాలు నగరపాలక సంస్థవి. కూడలిలో సిగ్నళ్ళకు ట్రాఫిక్ పోలీసుల ఒప్పుకోలు కావాలి. రహదారి యాజమాన్యం జాతీయ రహదారులదా కార్పొరేషన్‌దా అన్నది ముక్క ముక్కకూ తేల్చుకోవాలి. కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు విద్యుత్ పంపిణీ సంస్థ కదపాలి. ఆలస్యం ఎక్కువగా అక్కడే జరుగుతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 138వ సెక్షన్ కింద మోటారు లేని వాహనాల గురించి నియమాలు చేసే అధికారం రాష్ట్రానికి ఉంది. ట్రాకు మీద బండి ఆపితే ఏం చేస్తారన్నది ఆ నియమాల్లో రాయించమని మీ ఎమ్మెల్యేకు విడిగా అర్జీ ఇవ్వండి.

మొత్తం కట్టే ముందు, ఒక కూడలి కలిసేలా చిన్న ముక్కను నీళ్ళు నింపే ప్లాస్టిక్ దిమ్మెలతో మూడు నెలలు నడిపి చూడమనండి. ఎండాకాలంలో కాదు, వానలు తగ్గాక, బడులు నడుస్తున్నప్పుడు. నంబర్ల లెక్క, సైకిళ్ళ లెక్క రెండూ దానికి ముందూ తర్వాతా తీయించండి. లెక్క తీసేవారిలో దుకాణదారుల సంఘం మనిషి ఒకరు తప్పక ఉండాలి.

కాలువ గట్టు పనికి మాత్రం తొందర ఉంది. గట్లు జలవనరుల శాఖవి, కార్పొరేషన్ వాటి మీద గునపం దింపాలన్నా వాళ్ళ అనుమతి కావాలి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే గట్టు పనులు, వంతెనల దగ్గర పనులు చేయనిస్తారు. మళ్ళీ జూన్ ప్రాంతంలో డెల్టాకు నీళ్ళు వదిలేశారంటే వచ్చే ఏడాదికే. కాబట్టి అర్జీ సంక్రాంతి లోపు వెళ్ళాలి, దానితో పాటు వంతెన వంతెనకూ తీసిన ఫొటోలు, నీటి మట్టం గీత స్పష్టంగా కనబడేలా, జత చేయండి.